వేరుబుడిపెల మాస్టారు

సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళాను. మాది శ్రీకాకుళం జిల్లాలో నాగావళి కాలవ కింద చిన్న ఊరు. వరి కోతలైపోయి, కళ్ళాలు ఎత్తేసి, మడులన్నీ మినుముతో పచ్చగా ఉన్నాయి. మా వైపు వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే, మడిలో పదునుండగానే మినుములో పెసలో చల్లేస్తారు. దుక్కి లేదు, ఎరువు లేదు, తడి పెట్టేది లేదు. మంచుకే పండిపోతుందని మా తాత అంటాడు.

ఆ రోజు పొద్దున్న తాత గట్టు పక్క నుంచి ఒక మినపమొక్క పీకి నా చేతిలో పెట్టాడు. వేళ్ళకి ఆవగింజంతవి, కొన్ని ఇంకాస్త పెద్దవి బుడిపెలు. నేను ఏదో తెగులనుకున్నా. ఆయన గోటితో ఒక బుడిపెని చిదిమాడు. లోపల ఎరుపు. అచ్చం రక్తం రంగు. తర్వాత మడిలో పల్లంగా ఉండి నీరు ఇంకని మూలకి తీసుకెళ్ళి ఇంకో మొక్క పీకాడు. ఆ మొక్క పసుపు తిరిగిపోయి ఉంది. బుడిపెలు నాలుగైదు కూడా లేవు. చిదిమితే లోపల తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎర్రగుంటే పంట ఉంటాదని, తెల్లగుంటే ఉండదని తాత తేల్చేశాడు. చాలా ఏళ్ళ కింద ఎవరో వ్యవసాయాధికారి ఇలా చిదిమి చూపించాడట. ఎందుకు ఎరుపో మాత్రం ఆయన చెప్పలేదట. నువ్వు చదువుకున్న గుంటడివి కదా, ఏటిదో చెప్పమన్నాడు తాత.

నేను కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. గాలిలో 78 శాతం నత్రజని ఉందని తెలుసు. హేబర్ పద్ధతిలో దాన్ని 400 డిగ్రీల పైన వేడిలో, 150-200 అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో, ఇనుము ఉత్ప్రేరకం మీద అమ్మోనియాగా మారుస్తారని పరీక్షలో బొమ్మ వేసి మరీ రాశాను. మంచుకే పండే మినపమొక్క వేరు దగ్గర ఆ పని ఎలా జరుగుతోందో మాత్రం నాకు తెలీదు. తాతకి సమాధానం చెప్పలేకపోయాను.

హాస్టల్‌కి తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చుని వెతికితే ఒక పాతకాలం మనిషి తగిలాడు. ఆ బుడిపెల్లోంచి బాక్టీరియాని మొదటిసారి బయటికి తీసి, విడిగా పెంచి చూపించినవాడు. పేరు మార్టినస్ విల్లెమ్ బైయరింక్. మన పుస్తకాల్లో బీజరింక్ అని ఉంటుంది, డచ్చివాళ్ళు పలికేది దాదాపు బైయరింక్ అని. బైపీసీ నుంచి వచ్చిన వాళ్ళకి వైరస్‌ల పాఠంలో ఈ పేరు తగిలే ఉంటుంది. మనలాంటి ఎంపీసీ వాళ్ళకి అసలు తెలీదు. విచిత్రమేమిటంటే ఆయన మొదటి చదువు మన బ్రాంచే. జీవితంలో ఎక్కువ భాగం పాఠం చెప్పింది కూడా ఒక ఇంజనీరింగ్ కాలేజీలోనే. అందుకే ఈ సంచికకి ఆయన కథ రాద్దామనిపించింది.

పొగాకు వ్యాపారి కొడుకు

బైయరింక్ 1851 మార్చి 16న ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. తండ్రి పొగాకు వ్యాపారం చేసేవాడు. పిల్లవాడి చిన్నతనంలోనే ఆ వ్యాపారం దివాలా తీసింది. కుటుంబం ఊరు మారింది, తండ్రి రైల్వేలో గుమాస్తాగా చేరాడు. బడికి పంపే స్తోమత లేక పన్నెండేళ్ళ దాకా తండ్రే ఇంట్లో చదువు చెప్పాడు. ఆ తర్వాత హార్లెమ్‌లో బడి. అక్కడే మొక్కల పిచ్చి పట్టుకుంది. పొలాల వెంట, ఇసుకదిబ్బల వెంట తిరిగి మొక్కలు ఏరుకొచ్చి ఎండబెట్టి అట్టలకి అంటించేవాడు.

వృక్షశాస్త్రం చదవాలని కోరిక. ఇంటి పరిస్థితి అందుకు ఒప్పుకోదు. ఉద్యోగం వచ్చే చదువు కావాలి. ఒక బాబాయి ఖర్చు పెట్టుకుంటే డెల్ఫ్ట్ పాలిటెక్నిక్ స్కూల్లో కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. ఇష్టం ఒకటి, సీటు ఒకటి. ఈ కథ మన హాస్టల్లో ప్రతి మూడో గదిలో ఉంటుంది కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

డెల్ఫ్ట్‌లో ఆయన స్నేహితుడెవరో తెలిస్తే మీరు నవ్వుతారు. సొల్యూషన్స్ పాఠంలో మనల్ని ఏడిపించిన వాంట్ హాఫ్ ఫ్యాక్టర్ ఉంది కదా, ఆ వాంట్ హాఫే. కెమిస్ట్రీలో మొట్టమొదటి నోబెల్ 1901లో ఆయనకే వచ్చింది. ఇద్దరూ కలిసి గదిలోనే ప్రయోగాలు చేసేవారట.

1872లో డిప్లొమా చేతికొచ్చాక బైయరింక్ మళ్ళీ మొక్కల దారి పట్టాడు. వ్యవసాయ పాఠశాలల్లో పాఠాలు చెప్పుకుంటూ, లైడెన్ విశ్వవిద్యాలయంలో 1877లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. విషయం ఏమిటంటే మొక్కల మీద వచ్చే బుడిపెలు. కానుగ ఆకుల మీద పొక్కుల్లా బుడిపెలు ఉంటాయి చూడండి. కంటికి కనిపించనంత నల్లి పురుగు ఆకులో చేరితే, ఆకే దాని చుట్టూ ఇల్లు కట్టిపెడుతుంది. ఇలాంటివి వాళ్ళ దేశంలో ఓక్ చెట్ల మీద చిన్న కందిరీగల వల్ల వస్తాయి. ఒక ప్రాణి ఇంకో ప్రాణి చేత తనకి కావలసిన ఇల్లు ఎలా కట్టించుకుంటుంది అన్నది బైయరింక్ మొదటి ప్రశ్న. ఆకు మీది బుడిపె నుంచి వేరు మీది బుడిపెకి ఆయన రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

ఈస్టు ఫ్యాక్టరీలో పరిశోధన

1885లో ఆయన టీచరుద్యోగం మానేసి డెల్ఫ్ట్‌లోని ఈస్టు, స్పిరిట్ తయారుచేసే కంపెనీలో చేరాడు. కంపెనీ యజమాని వాన్ మార్కెన్ ఆ రోజుల్లో అరుదైన పని చేశాడు. ఫ్యాక్టరీలో సూక్ష్మజీవుల లాబొరేటరీ పెట్టి, ఈయన్ని దానికి అధిపతిని చేశాడు. బైయరింక్‌కి అప్పటికి బాక్టీరియాల పని పెద్దగా రాదు. యూరప్‌లో పేరున్న లాబొరేటరీలు తిరిగి నేర్చుకొచ్చాడు. కంపెనీకి తన వల్ల లాభం లేదనిపించి ఒక దశలో రాజీనామా ఇస్తానన్నాడు కూడా. వాన్ మార్కెన్ ఒప్పుకోలేదు. ఆ ఓపిక ఫలితమే మన కథలో అసలు ఘట్టం.

పప్పుజాతి పంట వేసిన నేలలో తర్వాతి పంట బాగుంటుందని రైతులకి వేల ఏళ్ళుగా తెలుసు. రోమన్లకి తెలుసు, మన పెద్దలకీ తెలుసు. కారణమే తెలీదు. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరుడు విల్‌ఫార్త్ కలిసి చేసిన ప్రయోగం దారి చూపించింది. కుండీల్లో ఇసుక పోసి ఓట్లు, బఠానీ పెంచారు. ఓట్లు లెక్క ప్రకారం నడిచాయి. నైట్రేటు ఎంత వేస్తే అంత ఎదుగుదల, వెయ్యకపోతే లేదు. బఠానీ మాత్రం లెక్కకి లొంగలేదు. నైట్రేటు లేని కుండీల్లో కొన్ని చచ్చిపోయాయి, కొన్ని ఏపుగా పెరిగాయి. ఇసుకని బాగా వేడిచేసి సూక్ష్మజీవుల్ని చంపేస్తే ఒక్కటీ పెరగలేదు. అదే ఇసుకలో మామూలు పొలం మట్టి కలిపిన నీళ్ళు కాసిని పోస్తే, వేళ్ళకి బుడిపెలొచ్చి మళ్ళీ పెరిగాయి. అంటే మట్టిలో ఉన్న ఏదో జీవి బుడిపెలో చేరి గాలి నత్రజనిని మొక్కకి అందిస్తోంది.

ఆ జీవి ఏది? సూక్ష్మదర్శినిలో బుడిపె లోపల చిన్న కడ్డీల్లాంటివి అంతకు 20 ఏళ్ళ ముందే రష్యన్ శాస్త్రవేత్త వోరోనిన్ చూశాడు. అవి నిజంగా బాక్టీరియాలా, మొక్క తయారుచేసుకున్న మాంసకృత్తు రేణువులా అని వాదన నడుస్తుండేది. తేల్చాలంటే ఒకటే దారి. బుడిపెలోంచి దాన్ని బయటికి తీసి, విడిగా పెంచి, మళ్ళీ శుభ్రమైన మొక్కకి అంటించి బుడిపె వస్తుందో లేదో చూడాలి.

బైయరింక్ 1888లో మొదటి భాగం చేసి చూపించాడు. బుడిపెని పైన శుభ్రం చేసి, లోపలి గుజ్జు తీసి, జెలాటిన్ మీద పరిచాడు. అప్పటికి అందరూ బాక్టీరియాని మాంసం రసం మీద పెంచేవారు. ఈయన అలా చెయ్యలేదు. ఈ జీవి బతికేది చిక్కుడు జాతి మొక్కలో కాబట్టి దానికి ఆ మొక్క రుచే కావాలని ఆలోచించాడు. బాకలా చిక్కుడు ఆకుల కషాయం కాచి, కొంచెం చక్కెర కలిపి జెలాటిన్‌లో పోశాడు. చిన్న చిన్న బాక్టీరియా గుంపులు పైకొచ్చాయి. తర్వాత రెండేళ్ళలో ఆ శుద్ధమైన పెంపకాన్నే మొక్కలకి అంటించి బుడిపెలు తెప్పించాడు. ఆయన పెట్టిన పేరు బాసిల్లస్ రాడిసికోలా, అంటే వేరులో నివసించేది. మరుసటి ఏడాది ఫ్రాంక్ అనే జర్మన్ పెట్టిన రైజోబియం అన్న పేరే చివరికి నిలిచింది. ఇప్పుడు విత్తనాలకి పట్టించే పొట్లం మీద మనం చూసేది ఆ పేరే.

ఇక్కడ నాకు ఆయన బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఆ బాక్టీరియాని గాజుపాత్రలో ఒంటరిగా పెంచితే అది గాలి నత్రజనిని పడుతున్నట్టు గట్టి రుజువు ఆయనకి దొరకలేదు. దొరకనిది దొరికిందని ఆయన చెప్పుకోలేదు. బుడిపె తెచ్చేది ఇదే అన్నంతవరకే నిలబడ్డాడు. మన మినీ ప్రాజెక్టు రిపోర్టుల్లో రీడింగులు ఎలా కుదురుతాయో మనకి తెలుసు కాబట్టి ఈ మాట దగ్గర కాసేపు ఆగాను.

ఎరుపు ఎందుకంటే

గాజుపాత్రలో ఎందుకు పట్టలేదో తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది. నత్రజని అణువులో రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలుంటాయి. వాటిని తెంపడానికి హేబర్‌కి వేడి, ఒత్తిడి కావాల్సి వచ్చాయి. ఈ బాక్టీరియా దగ్గర నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. ఇనుము, మాలిబ్డినం ఉన్న ఆ ఎంజైమ్ మామూలు నేల వేడిలోనే ఆ పని చేస్తుంది. అయితే దానికి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. ఇంకోవైపు ఈ పనికి శక్తి విపరీతంగా కావాలి, ఒక్క నత్రజని అణువుకి కనీసం 16 ఏటీపీలు. ఆ శక్తి కోసం బాక్టీరియా ఊపిరి పీల్చాలి, దానికి ఆక్సిజన్ ఉండాలి. ఆక్సిజన్ ఉండకూడదు, ఉండాలి. ఇంజనీరుకి ఇస్తే తలపట్టుకునే డిజైన్ సమస్య ఇది.

మొక్క దీనికి కనుక్కున్న పరిష్కారమే ఎరుపు. బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం తయారవుతుంది. మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్‌కి చుట్టం. ఆక్సిజన్‌ని గట్టిగా పట్టి ఉంచి, ఎంజైమ్‌కి తగలకుండా, బాక్టీరియాకి కావలసినంత మాత్రం కొంచెం కొంచెంగా అందిస్తుంది. గ్యాస్ సిలిండర్‌కి రెగ్యులేటర్ లాంటిది. బుడిపె ఎర్రగా ఉందంటే లోపల కార్ఖానా నడుస్తున్నట్టు. తెల్లగా ఉందంటే ఇంకా మొదలవ్వలేదనో, నడవడం లేదనో అర్థం. మా మడి పల్లపు మూలలో నీరు నిలిచి వేళ్ళకి గాలి ఆడలేదు. గాలి ఆడకపోతే బాక్టీరియాకి ఊపిరి లేదు, మొక్కకి బుడిపెలు కట్టే ఓపిక లేదు. తాత గోటితో చేసింది నిజంగా ఒక పరీక్షే. ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అయితే ఆ మూలకి బోదె తియ్యాలన్నమాట అన్నాడు. పది నిమిషాల లెక్చరుకి ఆయన తేల్చింది అదీ.

ఈ కార్ఖానా మొక్కకి ఊరికే రాదు. ఆకులో తయారైన చక్కెరలో కొంత భాగం బుడిపెలకి పంపాలి. అందుకే నేలలో నత్రజని ముందే దండిగా ఉంటే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. కొనుక్కునే అన్నం చవగ్గా దొరికితే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? పప్పుపంట మీద యూరియా ఎక్కువ చల్లితే జరిగేది ఇదే.

ఆకలి పెట్టి పిలవడం

మళ్ళీ డెల్ఫ్ట్‌కి వద్దాం. 1895లో బైయరింక్ తను చదువుకున్న పాలిటెక్నిక్‌కే ప్రొఫెసర్‌గా వచ్చాడు. ఆయన కోసం కొత్త లాబొరేటరీ కట్టారు. పెళ్ళి చేసుకోలేదు. అక్కచెల్లెళ్ళతో కలిసి ఉండేవాడు.

అక్కడ ఆయన బాగా పదును పెట్టిన పద్ధతి ఒకటుంది. చెంచాడు మట్టిలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి, మనకి కావలసినదాన్ని ఎలా ఏరాలి? ఏరక్కర్లేదు, అదొక్కటే బతకగలిగే పరిస్థితి కల్పిస్తే అదే పైకొస్తుందన్నది ఆయన దారి. 1901 నాటి ప్రయోగం చూడండి. వెడల్పాటి పాత్రలో పల్చగా నీళ్ళు, అందులో మానిటాల్ అనే తీపి పదార్థం, కాస్త ఫాస్ఫేటు. నత్రజని ఉన్న పదార్థం ఒక్కటీ లేదు. అందులో చిటికెడు తోట మట్టి వేసి వెచ్చగా ఉంచాడు. ఆహారం ఉంది, నత్రజని లేదు. గాలిలోంచి నత్రజని పట్టుకోగల జీవి తప్ప మిగతావి ఆకలితో ఆగిపోతాయి. కొన్ని రోజులకి నీటి మీద తెట్టు కట్టింది. ఆ తెట్టులో ఉన్నదే అజటోబాక్టర్. దీనికి మొక్క తోడు అక్కర్లేదు, మట్టిలో ఒంటరిగానే నత్రజని పడుతుంది. డెల్ఫ్ట్ కాలవ నీళ్ళతో చేస్తే దాని చుట్టం ఇంకొకటి దొరికింది. ఊరి మురుగు కాలవల కుళ్ళు కంపు ఎక్కడిదో వెతికి, సల్ఫేటుని తిని ఆ వాసన పుట్టించే బాక్టీరియాని అంతకు ముందే 1895లో పట్టుకున్నాడు. నీరు నిలిచిన వరిమడిలో కాలు దిగేస్తే వచ్చే వాసన కూడా ఈ జాతి చేసేదే.

ఇంత పని చేసినా ఆయన పేరు ఎక్కువమందికి తెలిసింది వేరే దాని వల్ల. తండ్రిని ముంచిన పొగాకే మళ్ళీ ఆయన దారికొచ్చింది. పొగాకు ఆకులకి మచ్చల తెగులు పట్టి రైతులు నష్టపోతుంటే, వాగెనింగెన్‌లో ఆయనతో పాటు పనిచేసిన మేయర్ దాని మీద పరిశోధన చేశాడు. బైయరింక్ ఆ ఆకుల రసాన్ని బాక్టీరియా పట్టనంత సన్నటి పింగాణీ వడపోత గుండా పంపాడు. వడకట్టిన రసం కూడా తెగులు తెచ్చింది. అంతకు ముందే 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ ఇది గమనించాడు. బైయరింక్ 1898లో ఇంకో అడుగు వేసి, ఇది విషం కాదు, బాక్టీరియా కాదు, బతికున్న కణంలో మాత్రమే పెరిగే కొత్త రకం వ్యాధికారకమని చెప్పాడు. దానికి వైరస్ అన్న మాట వాడాడు. ద్రవరూపంలో ఉంటుందనుకోవడం మాత్రం ఆయన పొరపాటు. 1935లో స్టాన్లీ అదే పొగాకు వైరస్‌ని స్ఫటికాలుగా తీశాడు, 1946లో నోబెల్‌లో వాటా అందుకున్నాడు. బైయరింక్‌కి నోబెల్ రాలేదు.

ఆయన దగ్గర చదువు

లెక్చరర్‌గా ఆయన ఎలా ఉండేవాడో చెప్పకపోతే ఇది భజన అయిపోతుంది. కోపిష్టి. శిష్యుల్ని అందరి ముందూ తిట్టేవాడు. పెళ్ళి చేసుకునేవాడు సైన్సుకి పనికిరాడని ఆయన నమ్మకం. అది తన వరకు ఉంచుకోకుండా సహాయకుల మీద కూడా రుద్దాడు. డెల్ఫ్ట్‌లో ఆయన క్లాసులో కూర్చునేది ఎక్కువగా ఇంజనీరింగ్ పిల్లలు, వాళ్ళకి సూక్ష్మజీవుల మీద మోజు లేదు. దాంతో ఆయన ఇంకా విసుక్కునేవాడు. స్నేహాలు తక్కువ.

ఇది చదువుతున్నప్పుడు నాకు బాధగా అనిపించింది. మొక్క, బాక్టీరియా ఒకదానికొకటి ఏమిచ్చుకుంటే కలిసి బతుకుతాయో మొదట చూసినవాళ్ళలో ఒకడు, మనుషులతో ఆ ఇచ్చిపుచ్చుకోవడం తను చెయ్యలేకపోయాడు. ఏ సూక్ష్మజీవికి ఏ పరిస్థితి కావాలో అంత ఓపిగ్గా ఆలోచించినవాడు, ఎదురుగా కూర్చున్న కుర్రాడికి ఏం కావాలో ఆలోచించలేదు. వాన్ మార్కెన్ తన విషయంలో చూపించిన ఓపికలో సగం ఈయన శిష్యుల మీద చూపించి ఉంటే ఎందరు తయారయ్యేవారో. అయినా ఆయన పద్ధతి ఆగిపోలేదు. తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన క్లూయివర్ దాన్ని పెంచాడు. డెల్ఫ్ట్ సంప్రదాయమని దానికి పేరే వచ్చింది.

1921లో 70 ఏళ్ళు నిండగానే నిబంధన ప్రకారం రిటైరయ్యాడు. లాబొరేటరీ వదలడం ఆయనకి ఇష్టం లేదు. గోర్సెల్ అనే పల్లెకి వెళ్ళి అక్కచెల్లెళ్ళతో, తోటతో పదేళ్ళు గడిపాడు. చిన్నప్పటి మొక్కల దగ్గరికే తిరిగొచ్చాడు. 1931 జనవరి 1న చనిపోయాడు.

మా మడికి వస్తే

ఇదంతా చదివి నేను ఊరికే ఉండలేకపోయాను. కారణం ఉంది. గత ఖరీఫ్‌లో మా నాన్న రెండు బస్తాల యూరియా కోసం తెల్లారకముందే వెళ్ళి చెప్పులు వరసలో పెట్టి మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. ఒక్కటే దొరికింది. అప్పటికి ఉభాలైపోయి, పైరు ఎరువు కోసం చూస్తోంది. 266 రూపాయల యాభై పైసల బస్తా కోసం ఒక రోజు కూలి పోయింది. 45 కేజీల బస్తాలో 46 శాతం లెక్కన నత్రజని 20 కేజీల చిల్లర. నీరు నిలిచిన మడిలో చల్లితే అందులో సగం కూడా వరికి అందదు. మిగతాది గాలికీ నీటికీ పోతుంది.

కొత్తగా చదివిన ఉత్సాహంలో, మినుము వేస్తున్నాం కాబట్టి వచ్చే వరికి యూరియా మానేద్దామని నాన్నతో అనేశాను. నాన్న ఒకటే అడిగాడు. పంట తగ్గితే ఇంటికి బియ్యం ఎక్కడి నుంచి వస్తాయని. మళ్ళీ పుస్తకం తీసి లెక్క చూసుకుంటే నాదే తప్పు. మినపమొక్క పట్టిన నత్రజనిలో ఎక్కువ భాగం గింజల్లోకి వెళ్ళిపోతుంది. ఆ గింజలు మనం అమ్ముకుంటాం, మిగిలిన కట్టె పశువులకి వేస్తాం. నేలకి మిగిలేది వేళ్ళు, రాలిన ఆకులు. మేలే గానీ బస్తాకి బదులు కాదు. తాత చిన్నప్పుడు వరికి ముందు జనుము, జీలుగు, పిల్లిపెసర వేసి పూత దశలో మడిలోనే కలియదున్నేవారట. గత్తం తోలేవారట, కానుగ రొట్ట తొక్కేవారట. అది వేరు లెక్క. పట్టిన నత్రజని అంతా ఆ మడిలోనే ఉంటుంది. కాలం అనుకూలించి జీలుగు 45 రోజులు బాగా పెరిగితే, ఎకరాకి ఒక యూరియా బస్తాకి మించిన నత్రజనే నేలలో పడుతుంది. అందులో కొంత నేలలోంచే తీసుకున్నదైనా, మిగతాది గాలి సొమ్ము.

మరి ఎందుకు మానేశారంటే నాన్న దగ్గర జవాబుంది. తొలకరి వానలు నమ్మకం లేదు, విత్తనం ఖర్చు, అదనంగా ఒక దుక్కి, మేతకి వదిలేసిన పశువులు. బస్తా అయితే చల్లేస్తే అయిపోయింది. బైయరింక్ గాజుపాత్రకి మా మడికి తేడా ఇదే. పాత్రలో పరిస్థితిని ఆయన ఒక్కడే కల్పించగలడు. మడిలో పరిస్థితంటే వాన, కాలవ, కూలి, అప్పు, పక్కవాడి ఆవు, అన్నీ కలిపి. ఏదీ రైతొక్కడి చేతిలో లేదు.

రైజోబియం పొట్లం సంగతీ అంతే. మినుము, పెసర, కంది, అలసంద, వేరుశనగ జాతికి సరిపోయే బాక్టీరియా మన నేలల్లో మామూలుగానే ఉంటుంది. అయితే నెలల తరబడి నీరు నిలిచిన వరిమడిలో దాని సంఖ్య తగ్గే అవకాశముంది. అందుకే ఎకరా విత్తనానికి 200 గ్రాముల పొట్లం బెల్లం నీళ్ళతో పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లమంటారు. అది మందు కాదు, బతికున్న జీవి. రేకుల షెడ్డులో ఎండకి మాడిన పొట్లం, గడువు దాటిన పొట్లం తెచ్చి పట్టిస్తే విత్తనానికి అంటేది నల్లటి పొడి మాత్రమే. తర్వాత పని చెయ్యలేదని సైన్సుని తిట్టుకుంటాం.

శ్రీకాకుళం పక్కనే రాగోలులో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. నైరలో వ్యవసాయ కాలేజీ ఉంది. ఇన్నేళ్ళూ నేను బస్సులోంచి బోర్డులు చూశానే గానీ దిగలేదు. ఈ వేసవిలో దిగి, మా మడి మట్టి పట్టుకెళ్ళి అడగాలనుకుంటున్నా.

నాన్న చివరికి 20 సెంట్లకి ఒప్పుకున్నాడు. గట్టు పక్కన ఉన్న ముక్క. తొలకరికి జీలుగు చల్లి, ఉభాల ముందు దున్నేసి, అక్కడ యూరియా సగం వేసి చూద్దామన్నాడు. పక్క ముక్కలో ఎప్పటిలాగే. కోత రోజు రెండూ విడివిడిగా నూర్చి తూకం వేసే పని నాది. తగ్గితే తగ్గిందనే రాస్తాను. బైయరింక్ దగ్గర నేను నేర్చుకున్నది ముందు అదే.

తాత మాత్రం తూకం దాకా ఆగడట. జీలుగు నెల రోజులవగానే ఒక మొక్క పీకి, బుడిపె చిదిమి చూస్తానన్నాడు. నేను హాస్టల్లో ఉంటే ఫోటో పెట్టించమని చెప్పాను.